గాజు బీరువాకి ఇటువైపు: పిల్లలు పెట్టిన ప్రదర్శనల కథ



ఢిల్లీకి నైరుతి అంచున, ఒకప్పుడు పప్పన్ కలాన్ అని పిలిచిన ప్రాంతంలో వెలసిన ఉపనగరం ద్వారక. ఉద్యోగాల కోసం వచ్చి అక్కడి అపార్టుమెంట్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కొన్ని ఇప్పటికీ సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెడతాయి. పై మెట్టు మీద దేవుళ్ళు, ఆ కింద కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్క బొమ్మలు, అందరికంటే కింద ఒక పల్లెటూరు. మెట్ల మీద గుడ్డ పరిచేది పెద్దవాళ్ళే అయినా, ఏ బొమ్మ ఎక్కడ నిలబడాలో తేల్చేది చాలా ఇళ్ళలో పిల్లలే. సాయంత్రం పేరంటాళ్ళు వచ్చి చూసి, మెచ్చుకుని వెళతారు. మనం దీన్ని పండుగ ఆచారం అనుకుంటాం. చరిత్ర చదువుకునేవారి కళ్ళతో చూస్తే ఇదొక ప్రదర్శన. సేకరణ ఉంది, అమరిక ఉంది, చూసేవారు ఉన్నారు. అమర్చేవారు మాత్రం పిల్లలు.

మ్యూజియంలో ఈ వరస తిరగబడుతుంది. అమర్చేది పెద్దలు, చూసేది పిల్లలు, మధ్యలో గాజు. ఎందుకిలా జరిగింది? ఎక్కడైనా మరోలా జరిగిందా? ఢిల్లీలోనే జరిగిన ఒక కథతో మొదలుపెడదాం.

ద్వారకలో మెట్రో ఎక్కి మండీ హౌస్‌లో రైలు మారితే తరువాతి స్టేషన్ ఐటీఓ. పత్రికా కార్యాలయాలకు పేరుపడ్డ బహదూర్ షా జఫర్ మార్గ్ అక్కడే ఉంది. ఆ వీధిలోని నెహ్రూ హౌస్‌లో శంకర్స్ అంతర్జాతీయ బొమ్మల మ్యూజియం ఉంది. దాన్ని నెలకొల్పిన శంకర్ పూర్తి పేరు కేశవ శంకర పిళ్ళై. కేరళలోని కాయంకుళంలో పుట్టారు. 1948లో ‘శంకర్స్ వీక్లీ’ పెట్టి, నెహ్రూ అంతటివారినీ వదలకుండా కార్టూన్లు గీశారు. ఆ పత్రిక 1975లో, ఎమర్జెన్సీ కాలంలో, ఆగిపోయింది. అదంతా రాజకీయ చరిత్ర. మనకు కావలసింది 1949లో ఆయన పిల్లల కోసం మొదలుపెట్టిన పోటీ. దేశదేశాల పిల్లలు బొమ్మలు గీసి, కథలూ కవితలూ రాసి పంపేవారు. ఢిల్లీలో వేలమంది పిల్లలు ఒక్కచోట చేరి, అక్కడికక్కడే గీసే పోటీ కూడా తరువాత దీనికి తోడయింది.

1950ల తొలినాళ్ళలో ఈ పోటీకి బహుమతిగా హంగరీ రాయబారి ఒక బొమ్మను ఇచ్చారు. దాన్ని చూసి శంకర్ ముచ్చటపడ్డారు. ప్రధాని వెంట పత్రికా బృందంలో ఏ దేశం వెళ్ళినా అక్కడి బొమ్మ ఒకటి తెచ్చుకోవడం అలవాటు చేసుకున్నారు. అవి వందల్లోకి చేరాయి. అప్పుడాయన చేసిన పని మన విషయానికి చాలా ముఖ్యం. ఆ బొమ్మలను, పోటీకి వచ్చిన పిల్లల చిత్రాలను కలిపి, పేద పిల్లలకు చూపడానికి ప్రదర్శనలు పెట్టారు. గోడ మీద ఒక పిల్ల గీసిన చిత్రం, దాని ముందు నిలబడి చూసేది మరో పిల్ల. ఊరూరా తిప్పడంలో బొమ్మలు దెబ్బతినేవి. అలాంటి ఒక ప్రదర్శనకు నెహ్రూతో పాటు వచ్చిన ఇందిరాగాంధీ, వీటికి శాశ్వతంగా ఒక చోటు ఉంటే బాగుంటుందని సూచించారు. 1965 నవంబరు 30న రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ మ్యూజియాన్ని ప్రారంభించారు. ఆయన కూడా మన తెలుగు కుటుంబం నుంచి వచ్చినవారే. ఇప్పుడక్కడ దాదాపు 85 దేశాల బొమ్మలు ఆరువేలకు పైగా ఉన్నాయి.

అవన్నీ నూట అరవైకి పైగా గాజు బీరువాల్లో ఉన్నాయి. పిల్లల చిత్రాలతో భుజం కలిపి తిరిగిన బొమ్మలు శాశ్వతమైన చోటు దొరకగానే గాజు వెనక్కి వెళ్ళాయి. శంకర్‌ని తప్పుపట్టగలమా? గుడ్డతో, మట్టితో, కాగితపు గుజ్జుతో చేసిన బొమ్మ పదివేల చేతులు తాకితే ఎన్నాళ్ళుంటుంది? అరవై ఏళ్ళ కిందటి బొమ్మను ఈనాటి పిల్లలు చూడగలుగుతున్నారంటే ఆ గాజు వల్లనే. కానీ అది ఒకటి తీసుకుంది కూడా. ఆ పిల్లలు ఇప్పుడు చూసేవారే, చేసేవారు కారు.

దీనికి పూర్తిగా అవతలి కొసన జరిగిన ప్రయోగం చూడాలంటే స్వీడన్ దాకా వెళ్ళాలి. 1968 అక్టోబరులో పాలే నీల్సన్ అనే డెన్మార్క్ కళాకారుడు స్టాక్‌హోంలోని ఆధునిక కళా మ్యూజియంలో ‘నమూనా’ అనే పేరుతో ఒక ప్రదర్శన పెట్టాడు. చూడడానికి అందులో ఏమీ లేదు. చెక్క, రంగులు, పనిముట్లు, వేషాలు వేసుకోవడానికి బట్టలు, పైనుంచి దూకడానికి స్పాంజి గుట్ట ఇచ్చి పిల్లల్ని లోపలికి వదిలారు. పిల్లలకు ప్రవేశం ఉచితం, పెద్దలకు టిక్కెట్టు. మూడు వారాల్లో ముప్ఫై వేలమందికి పైగా వచ్చారు, వారిలో ఇరవై వేలమంది పిల్లలే. వాళ్ళు కట్టిందే, పూసిన రంగే, చేసిన గోలే ఆ ప్రదర్శన. ఇది కళేనా అని అడిగినవాళ్ళూ ఉన్నారు. నా మటుకు నాకు ఆ ప్రశ్న కంటే తరువాత ఏం మిగిలిందన్నదే పెద్ద ప్రశ్న. ఫొటోలు, కాగితాలు మిగిలాయి. పిల్లలు కట్టింది మ్యూజియంలో నిలిచి ఉండలేదు.

ఒకచోట వస్తువు దక్కింది, చెయ్యి దూరమైంది. మరోచోట చేతికి స్వేచ్ఛ దొరికింది, వస్తువు దక్కలేదు. ఢిల్లీలో ఈ రెంటి మధ్య దారులు వెతికినవారూ ఉన్నారు. 1956లో నెహ్రూ చొరవతో ఏర్పడిన జాతీయ బాలభవన్ పిల్లలు మట్టి పిసికి, రంగులు కలిపి నేర్చుకునే చోటు. అందులో పిల్లల మ్యూజియం కూడా ఉంది. 2015లో జాతీయ మ్యూజియం ‘అనుభవ్’ అనే గ్యాలరీ తెరిచింది. అసలు శిల్పాలను అలాగే ఉంచి, ఇరవై రెండు వస్తువులకు నకళ్ళు చేయించి, బ్రెయిలీ వివరణతో పెట్టారు. చూపులేనివారి కోసం చేసిన ఏర్పాటు ఇది. ముట్టుకుని తెలుసుకోవచ్చు. ఆలోచన సులువైనదే. చాలాకాలం ఎవరికీ తట్టలేదు, అంతే.

నకలు ముట్టుకోవడం వేరు, ప్రదర్శనను తామే అమర్చడం వేరు. ఆ రెండో పనిలో ద్వారక ఇంట్లోని కొలువు ఇప్పటికీ ముందే ఉంది. అక్కడ గాజు లేదు, నకలూ లేదు. తేలికైన పొణికి కర్రతో చేసిన కొండపల్లి ఏనుగుకి ఏటా ఎక్కడో ఒకచోట రంగు రాలుతుంది, ఏదో ఒక ఏడు దంతం విరుగుతుంది. దాన్ని పారేయాలని అమ్మ అంటుంది. పిల్లలు ఒప్పుకోరు. విరిగిన వైపు గోడకి తిప్పి, ఆ ఏనుగునే రెండో మెట్టు మీద నిలబెడతారు.