రెండో బంతి

ఇక్కడ నిలబడండి. ఇంకొంచెం పక్కకి, ఆ గుండిగ తగిలితే చెయ్యి కాలుతుంది. తణుకు దాటాక రోడ్డు వారనే ఉన్న కల్యాణ మండపం ఇది. మీ ఎడమ చేతివైపు వంటశాల, కుడి చేతివైపు భోజనాల హాలు. మధ్యలో తలుపు లేదు, మెరూన్ రంగు గుడ్డ తెర వేలాడుతోంది. వడ్డించేవాళ్ళ చేతులు తగిలి తగిలి దాని అంచు జిడ్డుతో నల్లబడి అట్టకట్టింది. ముహూర్తం పొద్దున్నే అయిపోయింది. ఒంటిగంట దాటింది. మొదటి బంతి లేచింది, రెండో బంతికి టేబుళ్ళ మీద కాగితం చుట్ట దొర్లించి ఆకులు వేసి వడ్డిస్తున్నారు.

ముందు ఎడమవైపు చూడండి. పెళ్ళికూతురి మేనమామ పట్టుపంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, వంటమేస్త్రి మీద గొంతు తెర దాటకుండా అరుస్తున్నాడు.

"నాలుగొందల మందికని చెప్పానా లేదా? రెండో బంతికే పూర్ణాలు అడుక్కొచ్చేశాయంటే నన్నేం చెయ్యమంటావయ్యా?"

"మొదటి బంతిలో మీవాళ్ళే మూడేసి వేయించారండి బాబూ."

"సరే, అడిగినవాళ్ళకే మారు వెయ్యండి. మగపెళ్ళివారి వరసలో మాత్రం అడక్కపోయినా వెయ్యండి."

వడ్డన కుర్రాళ్ళు తలూపారు. ఆయన పంచె దించుకున్నాడు, కండువా సర్దుకున్నాడు, తెర పక్కకి తోశాడు.

ఆ ముఖం చూశారా? ఇవతల కనుబొమల మధ్య ఉన్న ముడి అవతల లేదు. నడక కూడా నెమ్మదించింది.

"బావగారూ, మొహమాట పడకండి! ఒరే అబ్బాయ్, బావగారికి ఇంకో పూర్ణం!"

బావగారు ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టి "అబ్బే, వద్దండీ, చాలండీ" అంటున్నారు. వేళ్ళ మధ్య సందు మాత్రం వదిలారు. పూర్ణం ఆ సందులోంచే ఆకులో పడింది. వద్దనడం ఆయన వంతు, వినకపోవడం ఈయన వంతు. ఒకవేళ మేనమామ ఆ మాట నిజంగానే విని "సరే లెండి" అని వెళ్ళిపోయాడనుకోండి, ఆ సంగతి వచ్చే పదేళ్ళూ రెండు కుటుంబాల్లోనూ నలుగుతుంది.

దీన్ని దొంగ వేషం అనేయడం తేలిక. నాకు అలా అనిపించదు. మేస్త్రి మీద కోపం ఎంత నిజమో, బావగారి ఆకు మీద శ్రద్ధా అంతే నిజం. నిజానికి ఆ శ్రద్ధ వల్లే ఈ కోపం.

ఇలాంటి ద్వారం దగ్గరే నిలబడి సమాజశాస్త్రంలో పెద్ద పేరు తెచ్చుకున్నవాడు ఒకడున్నాడు. ఎర్వింగ్ గోఫ్‌మన్, కెనడాలో పుట్టినవాడు. 1949 డిసెంబరులో స్కాట్లండ్‌కి ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో అన్‌స్ట్ అనే చిన్న లంకకి పరిశోధనకి వెళ్ళాడు. అక్కడి హోటల్లో దిగి, దాని వంటింట్లోనే పాత్రలు కడిగాడు. సగం వాడి వదిలేసిన వెన్నముద్దల్ని మళ్ళీ చుట్టి కొత్తవాటిలా బల్ల మీదికి పంపడం, కెటిల్ ఆవిరికి తడి మేజోళ్ళు ఆరేసుకోవడం కళ్ళారా చూశాడు. ట్రేలు మోసే అమ్మాయిలు వంటింటి తలుపు తెరిచి ఉంచాలనేవారట, యజమానులు మూసి ఉంచాలనేవారట. ఆ తలుపు దభీమని మూసుకోని రోజు, విసురుగా తెరుచుకోని రోజు దాదాపు లేదు. 1956లో ఎడింబరోలో అచ్చయిన ఆయన పుస్తకంలో ఇదంతా ఉంది. మనుషులు మెలిగే తీరునంతా రంగస్థలం, తెరవెనుక అన్న మాటలతోనే చెప్పుకొచ్చాడు. ఆయనకి తెలుగు వచ్చి ఉంటే ఇంకో మాట ఊరికే దొరికేది. మనకి తోమే గిన్నే పాత్రే, కట్టే వేషమూ పాత్రే.

అదిగో, సాంబారు బకెట్ పట్టుకున్న కుర్రాణ్ణి చూడండి. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తలకి వల టోపీ. వీళ్ళలో చాలామంది డిగ్రీ చదువుతూ పెళ్ళిళ్ళ సీజన్లో వడ్డనకి వచ్చేవాళ్ళే. తెర ఎత్తి ఒక్క అడుగు వేశాడు, ఆగాడు, వెనక్కి వచ్చేశాడు.

"ఒరే, ఈ సాంబారు నువ్వు తీసుకో. నేను అటు వరస చూసుకుంటా."

"ఏమైందిరా?"

"మూడో టేబులు. మా లెక్కల సార్."

కాలేజీలో ఆ సారు ముందు వీడు ఇస్త్రీ చొక్కాతో మొదటి బెంచీలో కూర్చునేవాడు. ఇక్కడ పేరులేని 'బాబు'. రెండూ వాడే. కాకపోతే రెండూ ఒకే హాల్లో ఎదురుపడకుండా ఇన్నాళ్ళూ జాగ్రత్తపడ్డాడు.

కాసేపు గడిచింది. ఎవరి వరస ఎవరిదో మేస్త్రికి అక్కర్లేదు. "పెరుగు ఎవడ్రా? మూడో టేబులు ఖాళీగా చూస్తున్నారు, కదులు!" అంటూ బకెట్ వీడి చేతిలోనే పెట్టాడు. వీడు వల టోపీని కనుబొమల దాకా లాక్కున్నాడు. తెర తొలిగింది. మనమూ వెనకే వెళ్దాం.

ఒక ఆకు, రెండో ఆకు, మూడో ఆకు. సారు తల ఎత్తారు. అన్నం కలుపుతున్న వేళ్ళు ఆగాయి, ఎంతసేపో కాదు, ఒక్క రెప్పపాటు. మళ్ళీ ఆకు వైపు తల దించుకుని, ఎవరినైనా అడిగినట్టే అడిగారు.

"బాబూ, ఇటు కొంచెం పెరుగు."

"ఆయ్, వేస్తున్నానండి."

ఒక గరిటె వేశాడు. గరిటె మళ్ళీ బకెట్లో ముంచి ఇంకొకటి వేశాడు. సారు చెయ్యి అడ్డం పెట్టలేదు, చాలనలేదు. పక్కనున్న భార్యతో పనసపొట్టు కూర బావుందంటూ మాటల్లో పడ్డారు. అంత పెరుగుకి ఆకులో అన్నం లేదు. ఉన్న నాలుగు మెతుకులతోనే కలుపుకుంటూ కూర్చున్నారు, పక్కవాళ్ళు లేస్తున్నా.

తెర ఇవతలికి రాగానే వీడు టోపీ తీసి మెడ తుడుచుకున్నాడు. సాంబారు తీసుకున్న కుర్రాడు దగ్గరికొచ్చాడు.

"చూశాడా?"

"లేదురా," అన్నాడు గుండిగలో గరిటె ముంచుతూ.

హాల్లో కుర్చీలు కిర్రుమంటున్నాయి. మేనమామ పంచె ఎగ్గట్టుకుంటూ లోపలికొస్తున్నాడు. మూడో బంతికి కాగితం చుట్ట దొర్లుతోంది.