కాలిన డొప్పల మీద నిలబడ్డ రాకెట్లు

కారు డిక్కీ తెరిచేసరికి మా అమ్మాయి రాకెట్ రెక్క ఒకటి ఊడి పక్కన పడి ఉంది. మేం ఉండేది డాలస్ శివార్లలో. రాకెట్లు ఎగరేసే పొలానికి గంటకు పైగా ప్రయాణం. దారిలో ఏ మలుపులోనో పనిముట్ల పెట్టె జారి దాన్ని ఒత్తేసింది. రెండు వారాలు గరుకు కాగితం పట్టి నునుపు చేసుకున్న రెక్క అది. ఏడవలేదు గానీ, "ఇంత మెత్తటి చెక్కతో ఎందుకు చేస్తారు నాన్నా?" అని అడిగింది.

ఆ మెత్తదనం కావాలని పెట్టుకున్నదే. నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్‌ఫోక్ ఊళ్లో చెప్పుల దుకాణం నడిపిన ఆర్విల్ కార్లైల్‌కి బాణసంచా అంటే ప్రాణం. ఆయన సోదరుడు రాబర్ట్‌కి బొమ్మ విమానాల సరదా. రెండూ కలిసి 1954లో ఒక చిన్న రాకెట్ తయారైంది: కాగితపు గొట్టం, బాల్సా చెక్క రెక్కలు, మన తారాజువ్వలో లాగే తుపాకిమందు కూరిన మోటారు, క్షేమంగా దిగడానికి పారాచూట్. ఆ కాలపు కుర్రాళ్లు లోహపు గొట్టాల్లో రసాయనాలు కూరి, అవి పేలి వేళ్లూ కళ్లూ పోగొట్టుకునేవారు. కొందరి ప్రాణాలే పోయాయి. వైట్ శాండ్స్ క్షిపణి కేంద్రంలో పనిచేసిన జి. హ్యారీ స్టైన్ ఆ ప్రమాదాల గురించి రాసిన వ్యాసాన్ని 1957లో చదివి, కార్లైల్ తన రాకెట్లను ఆయనకు పంపాడు. మోడల్ రాకెట్లను తయారుచేసి అమ్మడం, భద్రతా నియమాలు ఆ పరిచయంతోనే మొదలయ్యాయి. ముక్కు, ఒళ్లు, రెక్కలు తేలిగ్గా ఉండాలి, లోహం వాడకూడదు అన్నది ఇప్పటికీ మొట్టమొదటి నియమం. మనిషి మీద పడితే రాకెట్ విరగాలి గానీ మనిషికి దెబ్బ తగలకూడదు.

అలాంటి దాన్ని పొలం దాకా చేర్చే పూచీ మనదే కదా. మొదట అట్టపెట్టెలో తువ్వాళ్లు చుట్టి పెట్టాం. ఆ తువ్వాళ్లే రెక్కల్ని నొక్కాయి. తర్వాత దళసరి స్పాంజిలో గాడులు కోసి పడుకోబెట్టాం. కొత్త రాకెట్ వచ్చేదాకా బాగానే ఉంది. దానికి నాలుగు రెక్కలు, మేం కోసిన గాడులేమో మూడు రెక్కలవాటికి.

రాకెట్‌ని రెక్కల దగ్గర కాకుండా బలమున్న చోట పట్టుకోవాలని అప్పుడు తట్టింది. బలమంతా మోటారు దిగే లోపలి గొట్టంలో ఉంటుంది. పైకి తోసే శక్తినంతా మోసేది అదే. మేం ఎక్కువగా వాడే సీ6 రకం మోటారు వ్యాసం 18 మి.మీ., పొడవు 70 మి.మీ. ఎగరేశాక మిగిలిన ఖాళీ మోటారు డొప్పల్ని మా అమ్మాయి ఒక డబ్బాలో దాచుకుంటుంది, పారేయనివ్వదు. రాకెట్‌లోకి సరిగ్గా పట్టే కొలతలో మేకులు డజనుకు పైగా ఇంట్లోనే ఉన్నాయన్నమాట!

పెట్టె అడుగున వేసే ప్లైవుడ్ పలకకు గుండ్రటి కర్రముక్కలు నిలబెట్టి, డొప్పల్ని మంట చిమ్మే మట్టి మూతి పైకి వచ్చేలా వాటికి తొడిగి జిగురు పెట్టాం. పెద్ద రాకెట్లకు 24 మి.మీ. డీ12 మోటార్ల డొప్పలు రెండు. రాకెట్‌ని పైనుంచి దించితే చక్కగా కూర్చుంది. కొన్నిటి రెక్కలు మాత్రం తోక కంటే కిందికి దిగి పలకకు తగిలాయి. చూసింది మా అమ్మాయే. కర్రలు పొడవువి వేశాం. మలుపుల్లో పొడవాటి రాకెట్లు ఊగకుండా నడుమెత్తున ఇంకో పలకకు రంధ్రాలు చేసి, అంచులకు స్పాంజి అంటించాం.

మోటార్లు ఈ పెట్టెలో పెట్టం. డిక్కీ ఎండకు కాగి, మళ్లీ చల్లారుతూ ఉంటే లోపలి మందు డొప్ప గోడను వదిలేస్తుంది. ఆ సందులోకి మంట పాకితే మందంతా ఒక్కసారే అంటుకుని డొప్ప పగులుతుంది. అందుకే అవి థర్మోకోల్ డబ్బాలో, ఏసీ ఉన్నచోట, మాతోనే వస్తాయి. పారాచూట్లు కూడా విడిగానే, మడవకుండా. ప్లాస్టిక్ రోజుల తరబడి మడతలో ఉంటే గాల్లో విచ్చుకోకపోవచ్చు. పొలంలో ఎగరేసే ముందు కాస్త టాల్కం పౌడరు చల్లి మడుస్తాం.

మొన్న ఆరు రాకెట్లూ చెక్కుచెదరకుండా చేరాయి. సాయంత్రం ఎగిరి దిగినదాంట్లోంచి డొప్పను తీసి, చల్లారాక జేబులో వేసుకుంది మా అమ్మాయి. పెట్టెలో ఏడో కర్ర ఇంకా బోసిగానే ఉంది.