అవయవదానం: సింగపూర్ ఫత్వా ఎలా మారింది?

2020 జనాభా లెక్కల ప్రకారం సింగపూర్‌లో 15 ఏళ్లు దాటిన నివాసుల్లో ముస్లింలు 15.6 శాతం. ఎక్కువమంది షాఫీ మస్లక్ పాటించే మలయ్‌లు. వారి మస్జిదులు, జకాత్, హజ్, హలాల్ సర్టిఫికెట్ల వ్యవహారాలన్నీ 1968లో ఏర్పడిన ముయిస్ అనే ఇస్లామీ మండలి చూస్తుంది. అందులోనే ఫత్వా కమిటీ ఉంటుంది.

1973లో ఈ కమిటీ అవయవ మార్పిడి కూడదని చెప్పింది. 1986లో మాత్రం కిడ్నీ దానం జాయిజ్ అంది. అయితే మనిషి బతికుండగానే స్పష్టంగా అంగీకారం తెలిపి ఉండాలి.

మరుసటి ఏడాదే ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. ముందే వద్దని రాసివ్వకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ముస్లింలకు ఇందులో మినహాయింపు ఇచ్చారు. చూడ్డానికి ఇది మంచి ఏర్పాటే, కానీ చిక్కు కూడా ఇక్కడే వచ్చింది. దానానికి పేరు ఇవ్వనివారు, తమకే కిడ్నీ కావాల్సి వస్తే వెయిటింగ్ లిస్టులో వెనక్కి వెళ్తారు. ముస్లింలు విడిగా ఫారం నింపాలి, సాక్షులు కావాలి. అలా నింపినవారు తక్కువ. మరోవైపు షుగర్ వల్ల కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉన్నవారిలో మలయ్‌లే ఎక్కువగా కనిపించేవారు.

ప్రాణం కాపాడటం ఎంత గొప్పదో సూరా మాయిదా 32వ ఆయత్ చెబుతుంది. మయ్యిత్ గౌరవం కూడా షరీఅత్‌లో ముఖ్యమే. ఈ రెండింటిలో జరూరత్ ఎటు ఉందన్నది పాత చర్చ. అసలు కష్టమైన ప్రశ్న వేరే: మౌనాన్ని అంగీకారం అనుకోవచ్చా? 2007లో కమిటీ ముస్లింలు ఈ చట్టం కిందికి రావచ్చని ఫత్వా ఇచ్చింది. ఇష్టం లేనివారు వద్దని చెప్పే వీలు చట్టంలో అలాగే ఉంది. 2008 ఆగస్టు 1 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. కిడ్నీ, లివర్, గుండె, కంటి కార్నియా దీని కిందికి వస్తాయి. అక్కడ పీఆర్ తీసుకున్న 21 ఏళ్లు దాటిన మనవాళ్లకూ వర్తిస్తుంది. ఈ సంగతి చాలామంది పట్టించుకోరు.

మన దేశంలో 1994 చట్టం ప్రకారం పద్ధతి వేరు. మౌనం ఇక్కడ అంగీకారం కాదు, కుటుంబాన్ని అడుగుతారు. తెలుగు రాష్ట్రాల్లో ఈ పని జీవన్‌దాన్ చూస్తుంది. బతికుండగా దగ్గరి బంధువుకు కిడ్నీ ఇవ్వడాన్ని మన ఉలమాలో చాలామంది ఒప్పుకుంటారు. మరణం తర్వాత ఇవ్వడంపై ఏకాభిప్రాయం లేదు. అందుకే ముఫ్తీ సాబ్‌ను అడగాల్సింది ఇంట్లో అందరూ బాగున్నప్పుడే. ఐసీయూ బయట డాక్టర్ వచ్చి అడిగేసరికి ఆలోచించుకోవడానికి దొరికేది కొన్ని గంటలే.