కాలువ నీరు, పంది, పచ్చకామెరలు



ఊరిలో నలుగురైదుగురికి ఒక్కసారిగా కన్నులు పచ్చబడి, మూత్రము పసుపు కలిపినట్లు మారి, అన్నపు వాసన తగిలినంతనే వాంతి వచ్చునప్పుడు మన రచ్చబండల మీద రెండు మాటలు వినబడుచుండును. వేడి చేసినదని పెద్దవారందురు. పందులు చేరినవని పిన్నవారందురు. మొదటి మాట చాల ప్రాతది. రెండవది, పందినుండి మనుష్యునకు కామెరలు సంక్రమించునను వార్తలు పత్రికలలో వచ్చుచున్న యీ కాలమున బయలుదేరినది. ఆ వార్తలు నమ్మి, పందులను పొలిమేర దాటింపవలెననియు, వానిని పెంచువారిని కూడ వెళ్ళగొట్టవలెననియు పట్టుబట్టువారును లేకపోలేదు. పందియందు దోషమున్నదా, ఉన్నచో ఎంత యున్నది అను సంగతి తేల్చుటకు ఈ వ్యాధి చరిత్ర కొంత తెలియవలయును. ఆ చరిత్రలో పంది చాల ఆలస్యముగా ప్రవేశించినది. నీరు మొదటినుండియు ఉన్నది.

కామెర అను మాట సంస్కృతపు కామలనుండి వచ్చినది. చరకసంహితలో పాండురోగముతోపాటు కామలయు వర్ణింపబడినది. పచ్చబడుట యనునది కాలేయము చెడినదని తెలుపు గురుతు మాత్రమే. చెడుటకు కారణములు పెక్కు. కారణములైన వైరసులను వైద్యులు ఎ, బి, సి, డి, ఇ అని అక్షరములతో పిలుచుచున్నారు. వీనిలో బి, సి, డి రక్తమువలనను, తత్సంబంధమైన త్రోవలవలనను వచ్చును. ఎ, ఇ అనునవి నోటివలన వచ్చును. మనము నేడు మాటలాడుకొనుచున్నది ఇ అను దానిని గూర్చి. దీని యునికి లోకమునకు తెలియుటకు మన దేశపు రాజధానియందు జరిగిన యొక యుపద్రవమే కారణమయ్యెను.

1955వ సంవత్సరమున యమునకు గొప్ప వరద వచ్చినది. వరద తీసిన పిమ్మట నది తన ప్రవాహమును మార్చుకొనెను. ఢిల్లీనగరపు మురుగును మోయు నజఫ్‌గఢ్ కాలువ నీరు దిగువకు పోవలసినది ఎగదట్టి, వజీరాబాదువద్ద త్రాగునీరు తోడు యంత్రశాల మొగదలకు చేరెను. నవంబరు మాసమున సుమారొక వారము ఇట్లు జరిగినది. అధికారులు సంగతి తెలిసికొని పటికయు క్లోరినును హెచ్చుగా కలిపిరి. అందువలన టైఫాయిడు గాని రక్తవిరేచనములు గాని నగరమున పెరుగలేదు. గండము గడచినదని తలంచిరి. డిసెంబరు మొదలుకొని జనవరి వరకు కామెరలు విరుచుకొనిపడినవి. సుమారు 29,300 మందికి కన్నులు పచ్చబడినట్లు లెక్క తేలినది. డాక్టరు విశ్వనాథన్ ఈ ఉపద్రవమును శ్రద్ధతో పరిశీలించి, 1957లో దాని వృత్తాంతమును ప్రకటించెను. గర్భిణులు తక్కినవారికంటె అధికముగా మరణించుచున్నారను సంగతి అప్పుడే గమనింపబడినది.

ఆ కాలమున దీనిని నోటివలన వచ్చు మామూలు కామెర యనియే అందరును భావించిరి. అయినను రోగుల రక్తమునుండి తీసిన ద్రవమును కొంత మంచులో దాచిరి. ఆ దాచుటయే మేలయ్యెను. ఎ, బి వైరసులను గుర్తుపట్టు పరీక్షలు వచ్చిన పిమ్మట, 1980లో ఆ ద్రవమును పరీక్షింపగా, అది ఎ కాదు, బి కాదు అని తేలినది. పావు శతాబ్దము ముందటి రోగమునకు అప్పుడు గాని పేరు లేదని తెలియలేదు! అదే యేట కాశ్మీరదేశపు వైద్యుడు డాక్టరు ఖురూ, 1978లో తన ప్రాంతపు పల్లెలలో ప్రబలిన కామెరలను గూర్చి వ్రాయుచు ఇట్టి నిర్ణయమునకే వచ్చెను. అచ్చటను నీరే మూలము. అచ్చటను గర్భిణులే బలియైరి.

వైరసును కంటితో చూచినవాడు మిఖాయిల్ బలయాన్ అను రష్యా శాస్త్రజ్ఞుడు. ఆఫ్గనిస్థానమునందలి సోవియట్ సైనికులకు కామెరలు తగిలినప్పుడు, వారి మలమునుండి తీసిన ద్రవమును ఆయన స్వయముగా త్రాగెను. తనకు పూర్వమే ఎ తగిలియుండుటచే అది మరల రాదని ఆయనకు తెలియును. సుమారు అయిదు వారములకు ఆయన జబ్బుపడెను. తన మలమునందే ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో వైరసును కనుగొని 1983లో ప్రకటించెను. మెచ్చుకొనవలసిన సాహసమే గాని, అనుసరింపవలసినది కాదు. 1990లో అమెరికాలో ఆ వైరసుయొక్క బీజపదార్థమును చదివిన పిమ్మట హెపటైటిస్-ఇ అను పేరు స్థిరపడెను.

పంది వచ్చినది దీని తరువాతనే. ధనిక దేశములలో ఈ వ్యాధి యెప్పుడో యొకప్పుడు కనబడినను, పరదేశమునకు పోయి తెచ్చుకొన్నారని త్రోసివేయుచుండెడివారు. 1997లో అమెరికాలోని ఇలినాయి రాష్ట్రపు పందులలో మెంగ్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును మనుష్యుల వైరసునకు దగ్గరి చుట్టమైన వైరసును కనుగొనిరి. కోతులకు ఎక్కించి చూడగా సోకినది. పందికి మాత్రము దీనివలన పైకి కనబడు జబ్బు లేదు. రెండు మూడు నెలల వయస్సున సోకి, కొన్ని వారములు పెంటతో వెలువడి, తానే పోవును. 2003లో జపానునుండి మరింత స్పష్టమైన వార్త వచ్చెను. అడవిజింక మాంసమును పచ్చిగా తినిన బంధువులకు జబ్బు చేసినది. మిగిలిన మాంసమును మంచులో దాచియుండుటచే పరీక్షింపగా అందులోనిదియు, రోగుల దేహమునందలిదియు ఒకే వైరసని తేలినది. పంది కార్జమును సరిగా ఉడుకక తినిన వారిలోను ఆ దేశమున ఇట్లే కనుగొనిరి. కావున పశువునుండి మనుష్యునకు వచ్చుననుట కట్టుకథ కాదు.

అయితే అన్ని దేశముల వైరసును ఒకటి కాదు. ఇందు శాఖలున్నవి. ఒకటవ, రెండవ శాఖలు మనుష్యులయందే కాపురముండునవి. మూడవ, నాలుగవ శాఖలు పందులయందుండి మనుష్యులకు దాటునవి. మన దేశమున ఏ శాఖ యున్నది? పూనాలోని జాతీయ వైరాలజీ సంస్థయందు డాక్టరు విద్యా అరంకల్లెయు ఆమె తోడివారును పశ్చిమ భారతమున మనుష్యులనుండియు పందులనుండియు వైరసులను తీసి పోల్చి 2002లో ఫలితమును ప్రకటించిరి. మనుష్యులలోనిది ఒకటవ శాఖ. పందులలోనిది నాలుగవ శాఖ. ఒకే గడ్డపై, ఒకే వాడలో తిరుగు పందికిని మనుష్యునకును వైరసులు వేరువేరు! పంది మూలముగా ఊరికి ఊరు కామెరలపాలయినచో, రోగుల దేహములో పంది వైరసే దొరకవలయును గదా. దొరకుచున్నది మనుష్యుల వైరసు. మన దేశమున నగరములను పడవేసిన పెద్ద కామెరలన్నియు మనుష్యుని మలము త్రాగునీటిలో కలియుటచే వచ్చినవే. 1991లో కాన్పూరున సుమారు 79 వేలమందికి తగిలినది. మన తెలుగుదేశమున 2005లో మార్చి మొదలు ఆగస్టు వరకు హైదరాబాదున 1600 మందికి పైగా తగిలినప్పుడు, తెరచియున్న మురుగుకాలువలను దాటిపోవు నీటిగొట్టముల పరిసరములందే జబ్బు హెచ్చుగా నుండెనని పరిశీలకులు కనుగొనిరి.

పందిమీద మనకు అనుమానము కలుగుటకు వేరొక కారణమున్నది. 1999లో అనంతపురము మొదలగు జిల్లాలలో మెదడువాపు జ్వరము పిల్లలను పొట్టన పెట్టుకొన్నది. ఆ జ్వరపు వైరసు కొంగలయందును పందులయందును పెరిగి, వరిచేలలో పుట్టు దోమలవలన మనుష్యునకు చేరును. ఆ విషయమున పందిమీది నేరము రుజువైనదే. ఒక కేసులో శిక్షపడిన వానిని ప్రతి కేసులోను ముద్దాయిగా నిలుపుట లోకమునకు అలవాటు.

ఇక మన డెల్టా సంగతి. 1832-33లో క్షామము, 1839లో ఉప్పెన తగిలి పాడుపడిన యీ జిల్లాకు కాటను దొర 1847లో ధవళేశ్వరమువద్ద ఆనకట్ట ప్రారంభించి 1852లో ముగించెను. ధవళేశ్వరమునుండి తూర్పు డెల్టాకు, బొబ్బర్లంకనుండి మధ్య డెల్టాకు, విజ్జేశ్వరమునుండి పశ్చిమ డెల్టాకు కాలువలు సాగినవి. ఆ నీటితో మన తాతలు అన్నము తినిరి. అయితే ఆ నీరు వరికి మాత్రమే పోవుటలేదు. సముద్రము దాపున భూమిలోని నీరు ఉప్పన. కావున కాలువనుండి తూముద్వారా మంచినీటి చెరువు నింపుకొని త్రాగుట మన పల్లెల యాచారమయ్యెను. వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందు చెరువులు నింపుకొందుము. తరువాత కాలువలు వదలువరకు ఆ నీరే గతి.

ఆ కాలువ తలనుండి తోకవరకు ఎన్ని ఊళ్ళ ప్రక్కగా పోవుచున్నదో ఆలోచింపుడు. గేదెలను కడుగుదురు, బట్టలుతుకుదురు. అది అనాదిగా ఉన్నదే. గట్ల వెంబడి ఇండ్లు లేచిన పిమ్మట మరుగుదొడ్ల గొట్టములు కొన్నిచోట్ల తిన్నగా కాలువలోనికే దిగినవి. పూర్వము బయలునకు పోవువారు. ఇప్పుడు ఇంటింట మరుగుదొడ్డి యున్నది, సంతోషమే. కాని తొట్టి నిండి పొర్లినది ఎక్కడికి పోవుచున్నదని అడుగువారు తక్కువ. పంటకాలువకును మురుగుకాలువకును కాటను నాటినుండి వేరువేరు త్రోవలున్నవి. వరద వచ్చినప్పుడు ఆ భేదము చెరిగిపోవును. 1953, 1986 సంవత్సరముల గోదావరి వరదలు చూచినవారికి నేను చెప్పనక్కరలేదు. ఢిల్లీలో యమున చేసిన పనిని వరదనాడు మన కాలువ ప్రతి ఊరను చేయగలదు.

త్రాగుటకు టిన్నుల నీరు కొనుచున్నాము గదా యని కొందరందురు. గిన్నెలు తోముట, కూరలు కడుగుట, పుక్కిలించుట ఏ నీటితోనో కూడ చూడవలయును. నీరు తెర్లునట్లు కాచినచో ఈ వైరసు చచ్చును. గర్భిణి యున్న యింట ఈ యొక్క పని మానరాదు. ఎందుకనగా ఈ వ్యాధి తక్కినవారికి కొన్ని వారములలో తనంతట తానే తగ్గును. నెలలు నిండుచున్న గర్భిణులకు తగిలినచో నూటికి 20 మొదలు 25 మంది వరకు మరణింతురు. బిడ్డయు దక్కుట కష్టము.

తనంతట తానే తగ్గుననుటలో మరియొక చిక్కున్నది. చేతికి వాత పెట్టినవానికిని, ముక్కులో పసరు పిండినవానికిని ఆ తగ్గుదల కీర్తి పోవుచున్నది. పదిమందికి తగ్గినదని పదునొకండవదియైన గర్భిణిని కూడ అచ్చటికే తీసికొనిపోవుదురు. అచ్చట జరుగు రెండు దినముల ఆలస్యమే ఆమె ప్రాణమునకు వచ్చును. పసరు ఇచ్చువారిని నేను నిందించుటలేదు. వారిలో డబ్బు ముట్టనివారిని ఎరుగుదును. గర్భిణికి కన్ను పచ్చబడినచో మాత్రము ఆ గడప త్రొక్కక ఆసుపత్రికి పంపవలయును. ఈ వ్యాధికి టీకాయు ఉన్నది. చీనాదేశమున 2011లో అనుమతి పొందినది. 2022లో దక్షిణ సూడానులో వ్యాధి ప్రబలిన యొక నిర్వాసితుల శిబిరమున గర్భిణులకు కూడ వేసిరి.

పందికి రావలసిన పాలు పందికి ఈయవలయును. మన పందులలో ఉన్న నాలుగవ శాఖ ఇతరదేశములలో మనుష్యులకు సోకినది. మనకు సోకదని ధైర్యము చెప్పుటకు లేదు. పందులదొడ్డి మంచినీటి చెరువు గట్టున ఉండరాదు. మాంసము కోసిన చేతులు సబ్బుతో కడుగవలయును. కోసినచోటి నీరు కాలువలోనికి వదలరాదు. మన యిండ్లలో మాంసమును బాగుగా ఉడుకనిచ్చియే తిందురు గాని, కార్జమును నిప్పులపై కాల్చి, సగము వేగగానే నోట వేసికొనువారు కలరు, అది మానవలయును. తరతరములుగా పందులను పెంచి బ్రదుకు కుటుంబములను అడుగదగినది ఇంతవరకే. వారిని ఊరినుండి వెళ్ళగొట్టినను, తూము ఎగువన కాలువలో పడు గొట్టము అట్లే యుండును. అది తరచుగా ఊరి పెద్దల యింటిదే యగుచుండును.

ఈ వ్యాధి సోకిననాటికిని కన్ను పచ్చబడిన నాటికిని నడుమ రెండు వారములనుండి పది వారముల వరకు పట్టును. సగటున సుమారొక మండలము. నేడు కన్ను పచ్చబడినవాడు నిన్నటి నీరు త్రాగి జబ్బుపడలేదు. నిన్న ఊరిలోనికి వచ్చిన పందివలనను కాదు. కావున ఊరిలో నలుగురికి కామెరలు కనబడినచో, పంచాంగము తీసి ఒక మండలము వెనుకకు లెక్కపెట్టుడు. ఆ దినములలో చెరువునకు నీరు ఎప్పుడు పెట్టిరో, అప్పుడు కాలువలో నీరెంత తక్కువగా నుండెనో, ఎగువ ఊరివారు మురుగుకు గండి కొట్టిరేమో కాలువ లస్కరును పిలిచి అడుగుడు.