పంటిలో నిలిచిన మందు: టెట్రాసైక్లిన్ మరకల చరిత్ర

నోటిలో రంగు మారడం తెలుగువారికి కొత్త సంగతి కాదు. తాంబూలం, పొగాకు, చుట్ట పెద్దల పళ్లకు గార పట్టించగా, భూగర్భజలంలో మోతాదు మించిన ఫ్లోరైడు నల్లగొండ, ప్రకాశం ప్రాంతాల్లో తరాల తరబడి పిల్లల పళ్లపై గోధుమరంగు మచ్చలు తేల్చింది; భారతదేశంలో ఫ్లోరైడు విషప్రభావాన్ని తొలిసారి వైద్యపత్రికలకెక్కించిన 1937 నాటి పరిశోధన కూడా అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే జరిగింది. వీటితో సంబంధం లేని మరో మరక 1950 తర్వాత ప్రపంచంలోని అనేక దేశాల్లో పిల్లల పళ్లలో బయటపడసాగింది. దానికి కారణం జ్వరం తగ్గించి ప్రాణం నిలిపిన యాంటీబయాటిక్, అంటే సూక్ష్మజీవులను చంపే లేదా వాటి పెరుగుదలను అడ్డుకునే మందు. ఆ మందు పుట్టిన ప్రయోగశాలకు పరిశోధన సారథి భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు కావడం వల్ల, ఈ మరక చరిత్ర తెలుగువారి విజ్ఞాన చరిత్రలో కూడా భాగమే.

సుబ్బారావు 1922లో అమెరికా చేరి, హార్వర్డ్‌లో కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫరస్ సమ్మేళనాలపై మౌలిక పరిశోధనలు చేసి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లారు. పెనిసిలిన్ లొంగదీయలేని సూక్ష్మజీవులను అదుపు చేసే మందును మట్టిలోని జీవుల నుంచి రాబట్టేందుకు ఆయన సారథ్యంలో అక్కడ పెద్ద ఎత్తున అన్వేషణ సాగింది. ఏడు పదులు దాటి, విశ్వవిద్యాలయ ఉద్యోగం నుంచి విరమించిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ ఆ బృందంలో చేరి, పలు ప్రాంతాల నుంచి తెప్పించిన మట్టి నమూనాలను పరీక్షించారు. మిస్సోరీ విశ్వవిద్యాలయానికి చెందిన సాన్‌బార్న్ ప్రయోగక్షేత్రంలో గడ్డి పెంచే ఒక మడి నుంచి 1945లో తీసిన మట్టిలో, బంగారు రంగు పదార్థాన్ని స్రవించే సూక్ష్మజీవి ఒకటి ఆయనకు దొరికింది. స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్ అని పేరు పెట్టిన ఆ జీవి నుంచి తీసిన మందే ఆరియోమైసిన్; దాని రసాయన నామం క్లోర్‌టెట్రాసైక్లిన్. 1948 జులైలో శాస్త్రవేత్తల సమావేశంలో దాని ఫలితాలు వెల్లడయ్యాయి. ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు కన్నుమూశారు. ఆ ఏడాది చివర్లో మందు అంగళ్లకు చేరింది.

పెనిసిలిన్ పనిచేయని టైఫస్ జాతి జ్వరాలు, కంటిచూపును హరించే ట్రకోమా, బ్రూసెల్లా జ్వరం, ప్లేగు వంటి వ్యాధులు కూడా ఆరియోమైసిన్‌కు లొంగాయి. పైగా నోటితో మింగితే చాలు, సూది పొడిపించుకోవలసిన పని లేదు. 1950లో ఫైజర్ సంస్థ టెర్రామైసిన్‌ను విడుదల చేసింది. తర్వాత ఈ మందుల అణువుల్లో నాలుగు వలయాలు వరుసగా కలిసి ఉంటాయని తేలడంతో ఈ కుటుంబానికంతటికీ టెట్రాసైక్లిన్లు అనే పేరు స్థిరపడింది. 1953 నాటికి టెట్రాసైక్లిన్ అనే పేరుతోనే మరో మందు వచ్చింది. ఒకే మందు ఇన్ని వ్యాధులపై పనిచేస్తున్నప్పుడు, వ్యాధి ఏదో తేలకముందే దాన్ని రాసివ్వడం వైద్యులకు అలవాటైంది. పసిపిల్లల కోసం తియ్యటి సిరప్పులు, చుక్కల మందులు తయారయ్యాయి. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు అంటువ్యాధులు సోకకుండా ముందుజాగ్రత్తగా కూడా ఈ మందులను వాడారు.

యాంటీబయాటిక్‌ల వల్ల నోటిలో మొదట గుర్తింపుకొచ్చిన రంగుమార్పు నాలుకది. నాలుక పైభాగాన దారపు పోగుల్లాంటి సన్నని బుడిపెలు ఉంటాయి. వాటి కొసన పేరుకునే కెరటిన్ అనే గట్టి పదార్థం తిండి నమిలేటప్పుడు, నాలుక గీసుకునేటప్పుడు ఎప్పటికప్పుడు రాలిపోతుంది. రాలడం మందగిస్తే ఆ బుడిపెలు పొడవుగా పెరిగి వెంట్రుకల్లా కనిపిస్తాయి, వాటి మధ్య చేరిన రంగు పుట్టించే సూక్ష్మజీవుల వల్ల, పొగాకు, టీ, కాఫీల వల్ల నాలుక గోధుమ లేదా నలుపు రంగుకు మారుతుంది. 16వ శతాబ్దపు పోర్చుగీసు వైద్యుడు అమాటస్ లుసిటానస్ రచనల్లోనే ఈ స్థితి ప్రస్తావన ఉంది. పెనిసిలిన్‌ను చప్పరించే బిళ్లలుగా వాడిన 1940ల్లో ఇది మళ్లీ వైద్యుల కంటబడింది, టెట్రాసైక్లిన్లు వచ్చాక వాటి దుష్ఫలితాల జాబితాలోనూ చేరింది. నోటిలో సహజంగా ఉండే సూక్ష్మజీవుల సమతూకాన్ని మందు చెదరగొట్టడమే ఇందుకు ప్రధాన కారణంగా భావించారు. మందు ఆపి, నాలుకబద్దతో శుభ్రం చేసుకుంటూ ఉంటే కొద్ది రోజుల్లో, లేదా కొన్ని వారాల్లో, నాలుక మామూలు రంగుకు వస్తుంది. మందు వాడుతున్న రోజుల్లోనే కనిపించి, మానగానే తగ్గిపోయే మార్పు కాబట్టి కారణాన్ని పట్టుకోవడం కష్టం కాలేదు.

పంటి విషయంలో అలా జరగలేదు. టెట్రాసైక్లిన్ అణువుకు కాల్షియం వంటి లోహ అయాన్లను గట్టిగా పట్టుకునే గుణం ఉంది. ఈ మందును పాలతో గానీ ఆమ్లాన్ని తగ్గించే బిళ్లలతో గానీ కలిపి మింగవద్దని వైద్యులు చెప్పడానికి మూలం ఇదే. రక్తంలో చేరిన మందు, ఆ సమయంలో శరీరంలో ఎక్కడ కాల్షియం గట్టిపడుతూ ఉంటే అక్కడికి చేరి, కాల్షియం ఫాస్ఫేట్‌తో జతకూడి ఉండిపోతుంది. ఎముక జీవితాంతం అరిగి, కరిగి, మళ్లీ కొత్తగా ఏర్పడుతూ ఉంటుంది కాబట్టి అందులోని మందు క్రమంగా తొలగిపోయే అవకాశం ఉంది. పంటిలో పైనుండే ఎనామిల్ అనే పింగాణి పొర, దాని లోపలుండే డెంటిన్ అనే దంతధాతువు ఒకసారి గట్టిపడ్డాక అలా తిరగరాసుకోవు. పాలపళ్లు తల్లి గర్భంలో నాలుగో నెల నుంచే గట్టిపడడం మొదలై బిడ్డ తొలి పుట్టినరోజు లోపు చాలావరకు పూర్తవుతాయి. జ్ఞానదంతాలు మినహా శాశ్వత దంతాల పైభాగాలు పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ల వరకు చిగుళ్ల మాటున రూపుదిద్దుకుంటాయి. ఆ వ్యవధిలో గర్భిణి మింగినా, బిడ్డ మింగినా మందు పంటిలోకి చేరుతుంది.

బోస్టన్‌లో సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య వ్యాధితో ఊపిరితిత్తులు పాడై, ఏళ్ల తరబడి యాంటీబయాటిక్‌లు వాడవలసి వచ్చిన పిల్లలకు హ్యారీ ష్వాక్‌మన్ చికిత్స చేసేవారు. ఆ పిల్లల పళ్లు రంగు మారుతున్నాయని ఆయన, సహరచయిత షుస్టర్ 1956లో రాసిన మాటలు ఈ చరిత్రలో తొలి హెచ్చరిక. మరుసటి ఏడాది, జంతువులకు ఇచ్చిన టెట్రాసైక్లిన్ ఎముకలో నిలిచి, అతినీలలోహిత కాంతిలో పసుపు రంగుతో వెలుగుతుందని మరో బృందం చూపింది. పుట్టిన కొత్తలో ఈ మందు తీసుకున్న శిశువుల పాలపళ్లు రంగు మారి మొలిచాయని 1962లో లాన్సెట్ పత్రికలో వాల్‌మన్, హిల్టన్ ప్రకటించడంతో అనుమానానికి తావు లేకుండా పోయింది. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఈ మందులు వాడడంపై అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1963లో హెచ్చరిక జారీ చేసింది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఇవ్వరాదనే నియమం ఆ తర్వాత వైద్యగ్రంథాల్లో స్థిరపడింది.

మందు విడుదలకూ హెచ్చరికకూ మధ్య 15 ఏళ్లు గడిచాయి. ఈ జాప్యానికి మందు అమ్మకాల ఉత్సాహమొక్కటే కారణం కాదు, దంతాలు మొలిచే తీరులోనే జాప్యం ఉంది. ఏడాది బిడ్డకు ఇచ్చిన మందు ప్రభావం ఆ బిడ్డకు ఆరేడేళ్లు వచ్చి ముందుపళ్లు ఊడి, కొత్త పళ్లు మొలిచినప్పుడు గానీ కంటికి కనబడదు. అప్పటికి ఆ జ్వరాన్ని తల్లి మరిచిపోయి ఉంటుంది. మందు రాసిన వైద్యుడు ఒకరు, రంగు మారిన పంటిని చూసే దంతవైద్యుడు మరొకరు. మందు వేసిన వారంలోనో నెలలోనో ఏం జరుగుతుందో గమనించే ఆనాటి పరీక్షా పద్ధతికి, ఏళ్ల తర్వాత తేలే హాని చిక్కే వీలు లేదు. దీర్ఘకాలం మందు వాడుతూ, ఒకే వైద్యుని పర్యవేక్షణలో పెరిగిన పిల్లల్లోనే తొలి ఆధారం దొరకడం ఇందుకే.

మరకను దగ్గరగా పరిశీలిస్తే అది మందు వాడిన కాలాన్ని చెబుతుంది. పన్ను మొలిచిన కొత్తలో రంగు లేత పసుపుగా ఉండి, అతినీలలోహిత దీపం కింద ప్రకాశిస్తుంది. వెలుతురు సోకుతున్న కొద్దీ అందులోని మందు ఆక్సీకరణ చెంది, పసుపు క్రమంగా గోధుమ లేదా బూడిద రంగుకు దిగుతుంది, ప్రకాశం తగ్గుతుంది. అందుకే పెదవుల మధ్య నుంచి వెలుతురు తగిలే ముందుపళ్లు ముందుగా నల్లబడి, లోపలి దవడపళ్లు చాలాకాలం పసుపుగానే ఉంటాయి. మందు కొద్దికాలం వాడితే, ఆ రోజుల్లో పంటిలో ఏ భాగం గట్టిపడుతూ ఉందో అక్కడ మాత్రమే అడ్డపట్టీ ఏర్పడుతుంది; ఆ పట్టీ ఉన్న ఎత్తును బట్టి బిడ్డకు ఏ వయసులో మందు ఇచ్చారో దంతవైద్యులు అంచనా వేయగలరు. మరక ప్రధానంగా దంతధాతువులో ఉండడం వల్ల ఎంత తోమినా, గార తీయించినా పోదు. ఫ్లోరైడు మచ్చలకు అతినీలలోహిత కాంతిలో ఈ పసుపు మెరుపు ఉండదు కాబట్టి, రెండు సమస్యలూ కలిసి కనిపించే అవకాశమున్న చోట ఆ దీపం అవసరమైన పరికరం.

హానికి మూలమైన ఈ గుణమే శాస్త్రానికి సాధనమైంది. అమెరికాలోని డెట్రాయిట్‌లో హెరాల్డ్ ఫ్రాస్ట్, కొద్ది రోజుల ఎడంతో రోగికి రెండుసార్లు టెట్రాసైక్లిన్ ఇచ్చి, తర్వాత తీసిన ఎముక ముక్కలో వెలిగే రెండు గీతల మధ్య దూరాన్ని కొలిచి, ఎముక పెరిగే వేగాన్ని లెక్కించే పద్ధతిని స్థిరపరిచారు. 1980లో జార్జ్ ఆర్మెలాగోస్ బృందం, సూడాన్ ప్రాంతపు ప్రాచీన నూబియాలో క్రీ.శ. 350–550 మధ్య జీవించినవారి ఎముకల్లో సరిగ్గా అలాంటి పసుపు గీతలను చూపింది. స్ట్రెప్టోమైసిస్ సోకిన ధాన్యంతో చేసిన బీరు ద్వారా వారు తెలియకుండానే ఈ మందును సేవించారని ఆ బృందం భావించింది. ఆ ఎముకల్లో ఉన్నది టెట్రాసైక్లినేనని 2010లో రసాయన విశ్లేషణ ధ్రువీకరించింది.

భారతదేశంలో ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్ సోవియట్ సహాయంతో రిషీకేశ్‌లో నెలకొల్పిన కర్మాగారంలో టెట్రాసైక్లిన్ తయారై సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు భయం వ్యాపించినప్పుడు మందుల దుకాణాల్లో టెట్రాసైక్లిన్ గుళికలు నిండుకున్నాయి. దాదాపు అరశతాబ్దం గడిచినా ఆ మందుపై నమ్మకం చెక్కుచెదరలేదు. పిల్లలకు పోసే టెట్రాసైక్లిన్ ద్రవరూప మందులు మాత్రం దేశంలో నిషేధిత ఔషధాల జాబితాకెక్కాయి.

ఆ తర్వాతి కథ రెండు దారుల్లో నడిచింది. లెడర్లీ ప్రయోగశాలల నుంచే వచ్చిన మినోసైక్లిన్‌ను మొటిమల చికిత్సలో నెలల తరబడి వాడిన పెద్దవారిలో, ఎప్పుడో గట్టిపడిన పళ్లు కూడా బూడిద రంగుకు మారడం 1980ల్లో బయటపడి, ఎనిమిదేళ్ల గీత దాటితే భయం లేదన్న నమ్మకాన్ని సడలించింది. 1960లలో వచ్చిన డాక్సీసైక్లిన్ కాల్షియాన్ని పాతవాటంత గట్టిగా పట్టుకోదు. అయినా కుటుంబం పేరును బట్టి దాన్నీ పిల్లలకు దూరంగా ఉంచారు. నల్లులను పోలిన సూక్ష్మ పురుగుల లార్వాలు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్, దాని జాతికే చెందిన ఇతర రికెట్సియా జ్వరాలకు అదే మేలైన మందు కావడంతో, పంటి రంగుపై భయం ప్రాణాపాయానికి దారితీసే స్థితి ఏర్పడింది. చిన్నప్పుడు డాక్సీసైక్లిన్ తీసుకున్న అమెరికా ఆదివాసీ పిల్లల పళ్లను పరీక్షించిన బృందం 2015లో ప్రచురించిన అధ్యయనంలో, టెట్రాసైక్లిన్ తరహా మరక ఏ ఒక్కరిలోనూ కనిపించలేదు. 2018లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ మూడు వారాలకు మించని డాక్సీసైక్లిన్ చికిత్సను ఏ వయసువారికైనా అనుమతించింది. ఆంధ్ర, తెలంగాణ జిల్లాల్లో స్క్రబ్ టైఫస్ కేసులు నమోదవుతున్న ఈ కాలంలో, మందు పేరు వినగానే వెనకాడే తల్లిదండ్రులకు ఈ తేడా తెలియడం అవసరం.

నేటికీ కొన్ని మందులు నోటికి రంగు పూస్తాయి. అమాక్సిసిలిన్-క్లావులనేట్ సిరప్పు వాడిన పిల్లల పళ్లపై వచ్చే మరక తోముకుంటే పోతుంది. మొండి క్షయకు నెలల తరబడి వాడే లినెజోలిడ్ వల్ల నాలుకకూ పళ్లకూ వచ్చే రంగు కూడా పైపైదే. పంటి పైన పట్టిన రంగుకూ పంటి లోపల నిలిచిన రంగుకూ తేడా తెలిసినవారు మొదటిదానికి భయపడి మందు మధ్యలో ఆపరు, రెండోదాన్ని తేలికగా తీసుకోరు.

సుబ్బారావు బృందం వెలికితీసిన మందు లెక్కలేనంతమందిని బతికించింది, దాని వల్ల ఒక తరం పిల్లల్లో కొందరి పళ్లు శాశ్వతంగా రంగు మారాయి. ఈ రెండూ కలిస్తేనే దాని చరిత్ర పూర్తవుతుంది. విడుదలైన తొలి గుళిక కూడా చూడకుండా వెళ్లిపోయిన శాస్త్రవేత్త కీర్తికి రెండోదాన్ని చెప్పడం వల్ల లోటు రాదు. హానిని కనిపెట్టినదీ, నియమాన్ని విధించినదీ, అర్ధశతాబ్దం తర్వాత ఆ నియమాన్ని సడలించినదీ ఏళ్ల తరబడి పిల్లలను వెన్నంటి చూసిన ఓపికైన పరిశీలనే. పసివయసులో ఏ మందు ఎంతకాలం వాడారో రాసి ఉంచే కాగితం ప్రతి ఇంటా భద్రంగా ఉంటే, ఆ కాగితం వైద్యుని చేతికీ దంతవైద్యుని చేతికీ చేరితే, రేపటి మందుల్లో దాగిన హానిని గుర్తించడానికి 15 ఏళ్లు పట్టదు.