జంట గొట్టాల చిన్న గేజ్ వేట తుపాకి: గొట్టం పొడవు
షాట్‌గన్‌లో తూటా అర వెనుక అంచు నుంచి మూతి వరకు ఉండే దూరమే గొట్టం పొడవు. 20 గేజ్ (లోవ్యాసం సుమారు 15.6 మి.మీ.), 28 గేజ్ (సుమారు 14 మి.మీ.) జంట గొట్టాల వేట తుపాకుల్లో ఇది సాధారణంగా 26–30 అంగుళాలు (66–76 సెం.మీ.). నల్ల తుపాకిమందు కాలంలో పొడవైన గొట్టాలకే ప్రాధాన్యం. పొగలేని మందు గొట్టం తొలి భాగంలోనే దాదాపు పూర్తిగా మండుతుంది; అంగుళం తగ్గినా గుండ్ల వేగంలో తేడా స్వల్పం. గుండ్లు చెదిరే తీరును ప్రధానంగా నిర్ణయించేది చోక్ అనే మూతి బిగింపు. అందువల్ల ఎంపికలో తూకమే కీలకం: అసలే తేలికైన చిన్న గేజ్ తుపాకికి పొట్టి గొట్టం తోడైతే పొదల్లో చురుగ్గా తిరుగుతుంది గానీ ఎగిరే పిట్ట వెంట నిలకడగా సాగదు. 28–30 అంగుళాల గొట్టం ఆ లోటు తీరుస్తుంది. లండన్ తయారీదారు రాబర్ట్ చర్చిల్ 1920లలో 25 అంగుళాల గొట్టాలకు ప్రాచుర్యం తెచ్చాడు. బ్రిటన్‌లో షాట్‌గన్ సర్టిఫికెట్ కింద అనుమతించే కనీస పొడవు 24 అంగుళాలు.