సినిమాను ఎన్నుకున్నది ఎవరు?

మన సాహిత్య సభల్లో సినిమా ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక మాట తప్పకుండా వినబడుతుంది: ‘జనం అలాంటివే చూస్తారు, కనుక వాళ్లు అలాంటివే తీస్తారు.’ నిర్మాతలు ఈ మాట అన్నారంటే అర్థం చేసుకోవచ్చు, అది వాళ్ల వ్యాపారం. అభ్యుదయ రచయితలమని చెప్పుకునే మనం కూడా అదే పాట పాడటం విచిత్రం. నేనూ పాడాను. ఒకటి రెండు వ్యాసాల్లో రాశాను కూడా. జనం తాము చూసే సినిమాను ఎట్లా, ఏ మేరకు ఎన్నుకున్నారో చరిత్రలోకి వెళ్లి చూడకుండానే రాశాను.

1932లో ‘భక్త ప్రహ్లాద’ వచ్చినప్పుడు ఎన్నిక అనే ప్రశ్నే లేదు. తెర మీద బొమ్మ తెలుగు మాట్లాడుతోందంటే చాలు, జనం వెళ్లారు. కథ వాళ్లకు ముందే తెలుసు, నాటకంలో చూసిందే. అసలు ప్రశ్న 1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’తో మొదలయింది. ఛాందసులు వద్దన్న ఆ చిత్రాన్ని జనం చూశారు, విజయవంతం చేశారు. ఆ మరుసటి ఏడు అదే దర్శకుడు ‘రైతుబిడ్డ’ తీస్తే జమీందారులు అభ్యంతరం చెప్పారు, ప్రభుత్వం నిషేధించింది. (ఆ చిత్రాలు తీసిన సారథి సంస్థ వెనుక ఉన్న పెట్టుబడి కూడా ఒక జమీందారుదే కావడం మన చరిత్రలోని తమాషాల్లో ఒకటి.) ‘రైతుబిడ్డ’ను రైతులు తిరస్కరించారని ఎవరైనా అనగలరా? వాళ్ల దాకా రానిస్తే కదా, ఒప్పుకోవడమో తిప్పికొట్టడమో!

మాది తెనాలి దగ్గర పల్లె. నా చిన్నతనంలో, అంటే 1960ల మొదట్లో, పొరుగూరి పొలిమేరలో డేరా టాకీసు ఉండేది. పొద్దువాలే వేళకు ఘంటసాల పాడిన వేంకటేశ్వరస్వామి పాట రికార్డు వినబడిందంటే ఆట మొదలు కాబోతోందని గుర్తు. ఆ డేరాలో ఏ బొమ్మ ఆడాలో నిర్ణయించింది మేము కాదు. విజయవాడ గాంధీనగరంలోని పంపిణీ ఆఫీసుల్లో ఏ ప్రింటు ఖాళీగా ఉంటే, దేని అద్దె డేరా యజమానికి గిట్టుబాటయితే అది వచ్చేది. పట్నాల్లో ఆడి, తాలూకా కేంద్రాల్లో ఆడి, గీతలు పడి, నెలల తరువాత మా దగ్గరికి చేరేది.

కాని ఈ ఆలస్యంలోనే మా ఊరి స్వాతంత్ర్యం కొంత ఉండేది. బొమ్మ వచ్చేలోపు దాని తీర్పు వచ్చేసేది. తెనాలి మార్కెట్టుకు పసుపు వేసుకుపోయిన బండివాడు ఒక మాట మోసుకొచ్చేవాడు. పండక్కి వచ్చిన అల్లుడు ఇంకో మాట చెప్పేవాడు. జట్కాలో మైకు పెట్టి, రంగు కాగితాలు విసురుతూ ప్రచారం చేసేవాళ్లు ఎంత అరిచినా, అప్పటికే పోయిన బొమ్మను నిలబెట్టలేకపోయేవాళ్లు. పాటల పుస్తకంలో కథ సగం చెప్పి ‘మిగతాది వెండితెరపై చూడండి’ అని ఊరించేవారు గదా, ఆ మిగతాది మాకు చాకలి రేవు దగ్గరే తెలిసిపోయేది.

ఈ తీర్పులో ఆడవాళ్ల పాలు ఎంత? ఇక్కడ కొంచెం ఆగాలి. 1963లో ‘లవకుశ’కు బండ్లు కట్టుకొని ఊళ్లకు ఊళ్లు కదిలాయి. మా అమ్మా వెళ్లింది, నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకొని. స్త్రీలకు భక్తి ఎక్కువ గనుక పౌరాణికాలు ఆడతాయని విమర్శకులు తేల్చేశారు. నేను అంత తేలిగ్గా తేల్చలేను. మా నాయనమ్మను అనుమతి అడగటానికి వీలైన సినిమా అది. ‘సీతమ్మ కథ’ అంటే కాదనేవాళ్లు లేరు. అడగగలిగిన వాటిలోంచి అమ్మ ఎన్నుకుంది. అడగలేనివి ఆమె మనసులో ఎన్ని ఉన్నాయో ఏ వసూళ్ల లెక్కా చెప్పదు.

కూలివాళ్లకు అసలు ఎన్నిక బొమ్మది కాదు, రోజుది. కూలి డబ్బులు చేతికొచ్చిన రోజు, రెండో ఆట, నేల టిక్కెట్టు. ఆ రోజు ఏది ఆడుతుంటే అదే.

ఇక పత్రికలు. 1966లో ‘విజయచిత్ర’, 1976లో ‘సితార’ వచ్చాయి. చదువుకున్న వాళ్ల ఎన్నికను అవి కొంత నడిపించాయి, తారల మోజునూ పెంచాయి. మన పత్రికల్లో మనమూ సమీక్షలు రాశాం, సినిమా వెళ్లిపోయిన మూడు నెలలకు, ఒకరికొకరం చదువుకోవడానికి.

1980 సంవత్సరం నాకు పెద్ద పాఠం చెప్పింది. ఫిబ్రవరిలో ‘శంకరాభరణం’ విడుదలయింది. పేరున్న హీరో లేడు, మొదటి రోజుల్లో హాళ్లు వెలవెలబోయాయి. చూసినవాళ్లు ఇంటికి వెళ్లి చెప్పారు, అంతే. మార్చిలో ‘మాభూమి’ వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటం కథ, కొత్త నటులు, బెంగాల్ నుంచి వచ్చిన దర్శకుడు గౌతమ్ ఘోష్. హైదరాబాదులో ఉదయం ఆటలుగా చాలాకాలం ఆడింది. పెద్ద సినిమాలు వదిలేసిన వేళ అది. ఆ వేళకే జనం వచ్చారు. ఈ రెండు చిత్రాలూ ఒక జాతివి కావు, రెండింటినీ ఒక గాటన కట్టను. అయితే రెండింటికీ నోటిమాట ఊరంతా తిరగడానికి వ్యవధి దొరికింది.

ఇవాళ ఆ వ్యవధినే లాగేసుకున్నారు. వందలాది హాళ్లలో ఒకేసారి విడుదల, మొదటి మూడు రోజుల్లో పెట్టుబడి రాబట్టుకోవడం, పెంచిన టిక్కెట్ల ధర. బాగోలేదన్న మాట పక్క వీధికి చేరేసరికి డబ్బులు చేరవలసిన చోటికి చేరిపోతాయి. బాగుందన్న మాట చేరేసరికి చిన్న సినిమా హాలు నుంచి వెళ్లిపోతుంది. ఫోను తెరిస్తే చుక్కల లెక్కలు, ‘మీకు నచ్చవచ్చు’ అంటూ వరుస కట్టిన బొమ్మలు. నాకేం నచ్చుతుందో నేను నిన్న చూసినదాన్ని బట్టి యంత్రం చెబుతుంది. మా నాయనమ్మ అనుమతిలాగా ఇదీ ఒక అనుమతే అనిపిస్తుంది నాకు. తేడా ఏమిటంటే నాయనమ్మ కనబడేది, పోట్లాడటానికి వీలుండేది.

అమ్మ ముసలితనంలో ఒకసారి టీవీలో ‘మూగమనసులు’ వేస్తుంటే పనంతా ఆపి ముందుకొచ్చి కూర్చుంది. 1964లో తెనాలికి వచ్చిన బొమ్మ. జమీందారు కూతురిని పడవవాడు ప్రేమించిన కథ. ‘అప్పుడు చూడలేదా?’ అన్నాను. ‘ఏమని అడిగేదాన్నిరా?’ అని, నన్ను మాట్లాడవద్దని చేత్తో సైగ చేసింది.